కొట్టివేత, గీకివేత

మా మేనల్లుడు అడిగిన ఒక ప్రశ్నకు నేను తొందరపడి జవాబు చెప్పాను. అది సరైన జవాబు కాదని తెలుసుకోవటానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎందుకు కాదో చెప్పుకోవటానికే ఈ నాలుగు మాటలు.

అతను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలూ సెలవు రోజులూ డీజే పని నేర్చుకుంటున్నాడు. ఆ మాట అనగానే మనలో చాలామందికి వినాయక నిమజ్జనం ఊరేగింపులో లారీ మీద పేర్చిన పెట్టెలూ, గుండెలదిరే చప్పుడూ గుర్తొస్తాయి. నా ఎరుకా అంతవరకే ఉండేది. అతని గదిలో కూర్చుని చూశాక తెలిసిందేమిటంటే, ఆ విద్య చప్పుడులో లేదు, అతుకులో ఉంది. ఒక పాట నడుస్తూండగా రెండో పాటను హెడ్‌ఫోన్‌లో తాను మాత్రం వింటూ, దాని వేగాన్ని కాస్త పెంచో తగ్గించో మొదటిదాని దరువుతో కలిపి, వినేవాడికి తెలియకుండా ఇందులోంచి అందులోకి దాటించాలి. నిమిషానికి 124 దరువులతో పోయే పాటా, 126 దరువులతో పోయే పాటా కాడికి కట్టిన రెండెద్దుల్లా ఒకే అడుగు వేయాలి. ఒకటి అర అడుగు వెనకబడితే చాలు, బండి కుదుపు చెవికి తెలిసిపోతుంది.

ఇలా గంటసేపు ఆపకుండా పాటలు కలుపుకుంటూ పోయి దాన్ని ఇంట్లోనే రికార్డు చేసుకుంటారు. దాన్నే మిక్స్ అంటారు. పాటలు ఎవరివి, వాటి మీద హక్కులు ఎవరివి అన్నది మరో వ్యాసానికి సరిపడే విషయం; దాన్ని ఇక్కడ ముట్టుకోను. ఇంట్లో రికార్డు చేసుకోవటం వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. తన తప్పులు తాను వినవచ్చు. తన పనితనం నలుగురికీ వినిపించవచ్చు. ఒకటి అద్దం, రెండోది దరఖాస్తుతో జతపరిచే ఫోటో. చిక్కంతా ఈ రెండింటి మధ్యనే వచ్చింది.

ఒక హోటలు వాళ్ళకు శనివారం సాయంత్రాలకు మనిషి కావలసి వచ్చి, గంట మిక్స్ ఒకటి పంపమని అడిగారట. ఒకే విడతలో చేసింది కావాలన్నారు. ఇతను ఆదివారం పొద్దున్న కూర్చుని చేశాడు. నేనూ పక్కనే ఉన్నాను. 38వ నిమిషంలో ఎద్దులు అడుగు తప్పాయి. ఏడెనిమిది సెకన్లపాటు రెండు దరువులూ ఒకదాని కాలు ఒకటి తొక్కుకున్నాయి. తర్వాత సర్దుకున్నాడు. తక్కిన గంటంతా అతను అంతకు మునుపెన్నడూ చేయనంత బాగా వచ్చింది. ఆ ఎనిమిది సెకన్లను కంప్యూటరులో సరిచేయటం పది నిమిషాల పని.

"ఏం చేయమంటావు మామా?" అన్నాడు.

"సరిచేసి పంపరా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

అతను నవ్వి, "మీ బ్యాంకులో కూడా ఇంతేనా మామా?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అతని అలమరలో రికార్డింగు సాధనాలు నాలుగు తరాలవి ఉన్నాయి. కుర్రవాడికి పాతవాటి మీద మోజు. వాటిని ఒక్కొక్కటే తీసి చూపిస్తూ చెప్పుకొచ్చాడు. వింటూంటే నాకు తోచినదేమంటే, ఒక్కొక్క సాధనం తప్పును ఒక్కొక్క తీరుగా చూస్తుంది.

మొదటిది క్యాసెట్టు. ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చినది. మనకు బాగా తెలిసినదే. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. 90 నిమిషాల క్యాసెట్టులో ఒక పక్కకు 45 నిమిషాలు పడతాయి. యంత్రంలో రికార్డు చేసే తలకాయకు ముందే చెరిపే తలకాయ ఒకటి ఉంటుంది. అది పాతదాన్ని తుడుస్తూ పోతే వెనకాల వచ్చేది కొత్తదాన్ని రాస్తుంది. మధ్యలో ఎనిమిది సెకన్లు మాత్రం మార్చబోతే మొదట్లోనో చివర్లోనో అతుకు పట్టిస్తుంది. కాబట్టి క్యాసెట్టు మీద చేసేవాడికి ఉన్న దారులు రెండే: తప్పును ఉంచుకోవటం, లేదా టేపు వెనక్కి తిప్పి ఆ పక్కంతా మళ్ళీ చేయటం.

రెండోది మినీడిస్కు. సోనీ వాళ్ళు 1992లో విడుదల చేశారు; దాని యంత్రాల తయారీని 2013లో ఆపేశారు. అరచేతిలో పట్టే బిళ్ళ. 74 నిమిషాలు పడుతుంది. దీనిలో రికార్డు చేసినదాన్ని ముక్కలు చేయవచ్చు, కలపవచ్చు, ముందువెనకలు మార్చవచ్చు. పుస్తకంలో పుటలు కదలకుండా విషయసూచిక మాత్రం తిరగరాసినట్లు, సంగీతం ఉన్నచోటనే ఉంటుంది, ఏది తర్వాత ఏది వినపడాలో చెప్పే పట్టిక మారుతుంది. అడుగు తప్పినచోటును కోసి పారేయవచ్చు గాని, తప్పిన అడుగును సరైన అడుగుగా మార్చటం దీనివల్ల కాదు.

మూడోది ఒకసారి రాసే సీడీ. పళ్ళెం మీది రంగు పూతను లేసరు కిరణం కాల్చి గుర్తులు పెడుతుంది. 74 నిమిషాలు, తర్వాత వచ్చినవాటిలో 80. కాలిన పూత మళ్ళీ రాదు. మిక్సును పాటపాటకూ విడివిడిగా రాయిస్తే ప్రతి రెండింటికీ నడుమ రెండు సెకన్ల మౌనం వచ్చి పడేది. అంత కష్టపడి కలిపిన అతుకులన్నీ తెగిపోయేవి. అందుకని మొత్తం పళ్ళెం ఒకే దమ్ములో రాయించేవారు. మధ్యలో కంప్యూటరు క్షణం తడబడి సమాచారం అందించలేకపోతే ఆ పళ్ళెం ఇక గ్లాసు కింద పెట్టుకోవటానికే.

నాలుగోది కంప్యూటరే. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సీడీ నాణ్యతతో అయితే నిమిషానికి పది మెగాబైట్ల దాకా చోటు పడుతుంది. ఎంపీ3గా కుదిస్తే అందులో పదో వంతుతోనూ సరిపెట్టవచ్చు. ఇక్కడ ధ్వని అంకెలే కాబట్టి ఒక్కొక్క దరువునూ పట్టుకుని కావలసిన చోటికి జరపవచ్చు. జరిపిన ఆనవాలు చెవికి అందదు. నచ్చకపోతే ఒక్క మీట నొక్కితే జరిగింది జరగనట్లే.

ఈ నాలుగింటినీ వరుసగా పెట్టి చూస్తే రెండు సంగతులు కనిపిస్తాయి. తప్పు ఖరీదు తగ్గుతూ వచ్చింది. దిద్దుబాటు ఆనవాలు కూడా తగ్గుతూ వచ్చింది. మొదటిది మేలే. ఒక్క తడబాటుకు 45 నిమిషాల శ్రమ వృథా కావాలని ఎవరు కోరుకుంటారు? నన్ను రెండు రోజులు పట్టి పీడించింది ఆ రెండోదే.

మేనల్లుడు వేళాకోళానికి అన్న మాట నన్ను ముప్పై ఏళ్ళ వెనక్కి తీసుకుపోయింది. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో మా బ్రాంచిలో ఇంకా చేతిరాత లెడ్జర్లే. ఒక రోజు సేవింగ్స్ లెడ్జరులో 1,450 వేయవలసిన చోట 4,150 వేశాను. సాయంత్రం లెక్క కుదరక వెతుకుతూంటే నాకే దొరికింది. ఎవరూ చూడకముందే బ్లేడు తీసుకుని అంకెను మెల్లగా గీకి, గోరుతో కాగితం నున్నచేసి, సరైన అంకె రాశాను. లెక్క కుదిరింది. ఖాతాదారుకు పైసా నష్టం లేదు, బ్యాంకుకూ లేదు. మా అకౌంటెంటుగారు పుట తిప్పుతూ ఆగి, ఆ కాగితాన్ని ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకున్నారు. గీకినచోట వెలుతురు దిగింది.

ఆయన కేకలేయలేదు. "అంకె తప్పు వేశావు, అది ఎవరికైనా జరుగుతుంది. గీకావు చూశావూ, దానితో ఈ పుట మొత్తం అనుమానంలో పడింది. రేపు ఇందులో ఏ అంకెను నమ్మమంటావు?" అన్నారు. తర్వాత పద్ధతి చూపించారు. తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత, కింది అంకె చదవటానికి వీలుగా. పైన సరైన అంకె. పక్కన అధికారి పొట్టి సంతకం. ఏం జరిగింది, ఎవరు దిద్దారు, ఎవరు చూశారు, మూడూ పుట మీద ఉంటాయి. దాన్ని మేము కొట్టివేత అనేవాళ్ళం. నేను చేసింది గీకివేత. రెండింటి చివరా సరైన అంకే ఉంటుంది. అయినా ఒకటి లెక్క, రెండోది నేరానికి మొదటి మెట్టు.

ఈ పోలికను పట్టుకుని మేనల్లుడికి ఉపన్యాసం ఇద్దామనుకున్నాను. అయితే కాస్త ఆలోచించేసరికి పోలికలోనే ఒక సందు కనిపించింది. లెడ్జరు సాక్ష్యం కోసం పుట్టింది. సంగీతం సాక్ష్యం కోసం పుట్టిందా? కవి రాతప్రతిలో ఎన్ని కొట్టివేతలున్నా అచ్చులో చూపించమని మనం అడగం. శిల్పి ఉలి జారిన చోటును నునుపు చేస్తే మోసమంటామా?

గ్లెన్ గూల్డ్ అనే కెనడా పియానో విద్వాంసుడు 1964లో కచేరీలు పూర్తిగా మానేసి రికార్డింగు గదికే పరిమితమయ్యాడు. రెండేళ్ళ తర్వాత రాసిన ఒక వ్యాసంలో తన పద్ధతిని దాచుకోకుండా చెప్పాడు. బాఖ్ రచన ఒకటి ఎన్నోసార్లు వాయించి రికార్డు చేస్తే ఆరోదీ ఎనిమిదోదీ బాగా వచ్చాయట. వేర్వేరుగా వింటే రెండింటిలోనూ లోపమే. ఆ రెండింటినీ కోసి అతికిస్తే ఏ ఒక్క విడతలోనూ లేని నిండుదనం వచ్చిందట. అతుకు అబద్ధం కాదు, అదీ ఒక సంగీత సాధనమే అని ఆయన వాదన. డీజే విద్య చరిత్రలోనూ ఇటువంటిది ఉంది. 1970ల మొదట్లో న్యూయార్కు దగ్గరి ఫైర్ ఐలండ్‌లో నాట్యానికి వాడటం కోసం టామ్ మౌల్టన్ అనే ఆయన తన ఇంట్లో గంటలకొద్దీ కూర్చుని, పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చేట్లు టేపు తయారుచేశాడు. అది ఒక్క విడతలో చేసిందని ఆయన చెప్పుకోలేదు, అడిగినవాళ్ళూ లేరు.

మన సినిమాల సంగతే చూడండి. తెర మీద రామారావు పెదవులు కదుపుతాడు, గొంతు ఘంటసాలది. ఇంతకంటే పెద్ద అతుకు ఏముంది? అయినా మోసపోయామని ఎవరమూ అనుకోలేదు. పాడింది ఎవరో సినిమా పేర్లలోనే వేశారు, రికార్డు మీద అచ్చు వేశారు. 1949లో వచ్చిన 'మహల్' హిందీ చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన ప్రసిద్ధమైన పాట రికార్డు మీద మొదట పాత్ర పేరు, కామిని అని వేశారు. అదే గొంతు, అదే పాట. పేరు దాగినప్పుడు అన్యాయం, తెలిసినప్పుడు కళ.

దీనికి ఎదురుగా మరొక కథ ఉంది. 1952లో లండనులో వాగ్నర్ సంగీత నాటకం 'ట్రిస్టాన్' రికార్డు చేశారు. నాయిక పాత్ర పాడింది కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్, జగమెరిగిన గాయని. అప్పటికి ఆమె వయసు 56. మిక్కిలి పై స్థాయి స్వరాలు ఒకటి రెండు చోట్ల మాత్రం ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ అనే మరో గాయని పాడితే అతికించారు. తర్వాత సంగతి బయటికి పొక్కింది. గంటలకొద్దీ సాగే ఆ రికార్డులో అవి కొన్ని క్షణాలు మాత్రమే. ఫ్లాగ్‌స్టాడ్ గొప్పతనానికి వాటివల్ల తగ్గేది ఏమీ లేదు. అయినా ఆమెను తలుచుకున్నప్పుడల్లా ఆ కొన్ని క్షణాలే ముందు గుర్తుకు వచ్చేట్లయింది. గీకిన పుటకు పట్టే గతి ఇదే. తక్కిన అంకెలన్నీ నిజమైనవే, అయినా కన్ను పోయేది పలచబడినచోటికే.

అయితే ఏ దిద్దుబాటు ధర్మం, ఏది కాదు? దీనికి నేను తత్త్వగ్రంథాలు తిరగేయలేదు. బి.కాం.లో చదివిన చట్టంలోనే నాకు జవాబు దొరికింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 87వ సెక్షను ఉంది. చెక్కులోనో ప్రామిసరీ నోటులోనో ముఖ్యమైన అంశాన్ని మార్చితే, ఆ మార్పుకు సమ్మతించని పక్షం మీద ఆ పత్రం చెల్లదు. దానికొక మినహాయింపు కూడా అందులోనే ఉంది: మొదటి పక్షాల ఉమ్మడి ఉద్దేశాన్ని నెరవేర్చటానికి చేసిన మార్పు అయితే చెల్లుతుంది. పరీక్షకు బట్టీపట్టిన ఈ వాక్యంలో ఇంత ధర్మసూక్ష్మం ఉందని నేను ముప్పై ఏళ్ళ నౌకరీలో గమనించలేదు.

మార్చావా లేదా అన్నది కాదు అసలు ప్రశ్న. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఉన్న ఒప్పందం ఏమిటి, మార్పు ఆ ఒప్పందాన్ని నెరవేరుస్తోందా, వమ్ము చేస్తోందా అన్నది ప్రశ్న. స్నేహితుడి ప్రయాణానికి తోడుగా మిక్స్ ఇస్తే అతను ఆశించేది గంటసేపు మంచి సంగీతం. సరిచేసి ఇవ్వటమే మర్యాద. గూల్డ్ రికార్డు కొన్నవాడు బాఖ్ సంగీతం కొన్నాడు, ఒక్క విడత హామీ కొనలేదు. ఆ హోటలు వాళ్ళు అడిగింది అది కాదు. జనం ముందు నిలబడి ఆపకుండా గంటసేపు ఇతను చేయగలడా అని అడిగారు. అక్కడ మిక్స్ సంగీతం కంటే ముందు ఒక ధ్రువపత్రం. ధ్రువపత్రంలో బ్లేడు పని కుదరదు.

ఇక్కడ లోకం తెలిసినవాళ్ళు అడుగుతారు: "అందరూ సరిచేసే పంపుతారు. ఇతనొక్కడూ తప్పుతో పంపితే నష్టపోడా?" నష్టపోవచ్చు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయటం నాకు చేతకాదు. మార్చి 31న అంకెలు ఉబ్బించి చూపే అలవాటు తెలియని బ్యాంకు మనిషి ఉండడు. దానికి విండో డ్రెస్సింగ్ అని ముద్దుపేరు కూడా ఉంది. అందరూ ఉబ్బిస్తే ఉన్నది ఉన్నట్లు చూపిన బ్రాంచి చిన్నబోతుంది. నిజాయితీకి ఖర్చు లేదని చెప్పే పెద్దమనుషులు ఆ ఖర్చును ఎప్పుడూ భరించి ఉండరు. ఖర్చు ఉంది. కాకపోతే రెండో పక్క ఏముందో కూడా చూసి లెక్క వేయాలి.

రెండో పక్క ఉన్నది ఇది. ఆ ఎనిమిది సెకన్లలో తప్పు ఒక్కటే లేదు. తప్పును పసిగట్టటం ఉంది, కంగారు పడకుండా ఉండటం ఉంది, రెండో పాట వేగాన్ని వెంట్రుకవాసి జరిపి మళ్ళీ కాడి కిందికి తేవటం ఉంది. ఆ గంటలో అన్నిటికంటే కష్టమైన పని అదే. కంప్యూటరులో సరిచేస్తే తప్పుతోపాటు ఆ సర్దుబాటు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. శనివారం సాయంత్రం నిండు హాలులో మళ్ళీ ఎద్దులు అడుగు తప్పినప్పుడు అక్కడ వెనక్కి తిప్పే మీట ఉండదు. ఆ పూట అక్కరకు వచ్చే విద్య ఏదో దాన్నే చెరిపి పంపమని నేను సలహా ఇచ్చాను. లెడ్జరులో కొట్టివేత చూసి మా అకౌంటెంటుగారు ఎందుకు తృప్తిపడేవారో నాకు ఇన్నాళ్ళకు పూర్తిగా బోధపడింది. అది తప్పు జరిగిందనటానికి గుర్తు మాత్రమే కాదు. ఎవరో మేలుకుని ఉన్నారనటానికి కూడా గుర్తు.

అద్దం సంగతి కూడా ఒకటుంది. ప్రతిసారీ దిద్దినదాన్నే దాచుకునేవాడు కొన్నాళ్ళకు దాన్నే తన చేతి పని అని నమ్మటం మొదలుపెడతాడు. అప్పుడు మోసపోయేది హోటలువాడు కాదు. కంపెనీల లెక్కలు కంప్యూటర్లలోకి వెళ్ళాక మన ప్రభుత్వానికి కూడా ఈ భయమే పట్టుకున్నట్లుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో దానంతట అదే నమోదు కావాలనీ, ఆ నమోదును ఎవరూ ఆపివేయటానికి వీలుండకూడదనీ నిబంధన వచ్చింది. మా అకౌంటెంటుగారి గీతా పొట్టి సంతకమూ కంప్యూటరులోకి నడిచి వచ్చాయన్నమాట. మనిషి మనసుకు అటువంటి సాఫ్ట్‌వేరు లేదు. మార్చటానికి ముందున్న ప్రతిని ఎవరికి వారే దాచుకోవాలి.

రెండు రోజుల తర్వాత ఫోను చేసి, "నా సలహా వెనక్కి తీసుకుంటున్నానురా" అన్నాను. "నిన్ననే పంపేశాను మామా, ఉన్నది ఉన్నట్టే" అన్నాడు. దిద్దిన ప్రతి కూడా ఒకటి చేశాడట. దానికి పేరులోనే 'దిద్దినది' అని పెట్టి స్నేహితులకు పంచాడు.

ఆ పని మరొకరికి వెళ్ళింది. ఆ ఎనిమిది సెకన్ల వల్లనే పోయిందా, వాళ్ళకు మరేదైనా నచ్చలేదా, చెప్పేవాళ్ళు లేరు. అతను రెండు రోజులు ముభావంగా ఉన్నాడని మా చెల్లెలు చెప్పింది. మళ్ళీ ఆదివారానికి యథాప్రకారం కూర్చున్నాడట.

మొన్న దసరాకు వచ్చినప్పుడు ఆ మిక్స్ మొదటి 45 నిమిషాలు క్యాసెట్టు మీదికి ఎక్కించి నాకిచ్చాడు. మా ఇంట్లో పాత టేపు రికార్డరు ఇంకా పలుకుతోంది. క్యాసెట్టు వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను తనే విరిచి ఇచ్చాడు, పొరపాటున కూడా దాని మీద మరొకటి రికార్డు కాకుండా. 38వ నిమిషం దగ్గర పడేసరికి ఎప్పుడూ నాకు తెలియకుండానే చెవి నిక్కుతుంది. బండి కుదుపుతుంది. లోపల ఎవరో పగ్గం బిగపట్టినట్లవుతుంది. తర్వాత రెండెద్దులూ మళ్ళీ ఒకే అడుగు వేసుకుంటూ పోతాయి.